మైకు ఆపిన తర్వాత

సాక్ష్యాల సమయం అనగానే మన సంఘాల్లో చేతులెత్తేవాళ్లకు కొదవుండదు. జ్వరం తగ్గింది, కొడుక్కి వీసా వచ్చింది, అమ్మాయికి సంబంధం కుదిరింది, రెండేళ్లుగా ఆగిపోయిన ఇంటికి స్లాబు పడింది. అన్నీ సంతోషించాల్సినవే, దేవునికి కృతజ్ఞత చెప్పుకోవాల్సినవే. కాకపోతే వింటున్నవాళ్లంతా మనవాళ్లు. ఆమెన్ అనడానికి సిద్ధపడి వచ్చినవాళ్లు. మన విశ్వాసానికి మంచిపేరో చెడ్డపేరో తెచ్చే మాట ఆ హాల్లో వినిపించదు. మనకు అరువిచ్చినవాళ్లు, మన ఇంట్లో గిన్నెలు తోమినవాళ్లు, మన ప్రహరీ గోడకు అవతల నిద్రపట్టక దొర్లుతున్నవాళ్లు ఆ మాట మనం లేనప్పుడు అనుకుంటారు. ఈ అధ్యాయమంతా వాళ్ల గురించే.

‘అయితే నలుగురి మెప్పు కోసం బతకమంటారా?’ అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కొండమీది ప్రసంగంలో యేసు రెండు మాటలూ చెప్పాడు: మన మంచి పనులు మనుషులకు కనబడాలన్నాడు, మనుషులకు కనబడాలని మంచి పనులు చేయవద్దనీ అన్నాడు. ధర్మం చేసేటప్పుడు బూర ఊదించుకునేవాళ్లనూ, వీధి మూలల్లో నిలబడి ప్రార్థించేవాళ్లనూ తప్పుపట్టాడు. బైబిలు పండితులు దీనిమీద చాలా రాశారు గాని, రోజువారీ బతుకులో ఈ చిక్కు అంత పెద్దది కాదు. మనం చూపించాలనుకున్నవాటిని జనం పెద్దగా లెక్కచేయరు. కారు వెనక అద్దంమీద అంటించుకున్న వాక్యాన్ని ఎవరూ చదవరు. ఆ కారు రెడ్ సిగ్నల్ దాటిపోతే మాత్రం వాక్యంతో సహా గుర్తుపెట్టుకుంటారు.

మనల్ని మెచ్చుకోవాల్సిన అవసరం ఏమాత్రం లేనివాడి మాటకు ఎక్కువ విలువ. అలాంటి మాట ఒకటి చరిత్రలో ఉంది. రోమా చక్రవర్తి జూలియన్ క్రైస్తవుడిగా పెరిగి, ఆ మతాన్ని వదిలేసి, పాత దేవతల ఆరాధనను మళ్లీ నిలబెట్టాలని పట్టుపట్టినవాడు. క్రీ.శ. 362 ప్రాంతంలో అతను గలతీయలోని ప్రధాన పూజారికి ఒక ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరంలో క్రైస్తవుల మీద ప్రేమ లేదు, ఉన్నదంతా కడుపుమంటే. వీళ్లు పరాయివాళ్లకు ఆతిథ్యమిస్తున్నారు, చచ్చిపోయినవాళ్లను శ్రద్ధగా పూడ్చిపెడుతున్నారు, తమ బీదలతోపాటు మన బీదలనూ పోషిస్తున్నారు, మనవాళ్లకు మన దగ్గర మాత్రం ఏ సాయమూ దొరకడం లేదు, ఇది మనకెంత సిగ్గు అని వాపోయాడు. ఊరూరా సత్రాలు కట్టించమని ఆజ్ఞాపించి, ఆ ప్రాంతానికి ఏటా గోధుమలూ ద్రాక్షారసమూ కేటాయించాడు. క్రైస్తవులు ఏం బోధిస్తున్నారన్న చర్చ ఆ ఫిర్యాదులో లేదు. వాళ్ల పవిత్రత వట్టి నటనేనని ఒక చురక వేసి ఊరుకున్నాడు. సత్రం, శవం, గోధుమలు – శత్రువు కంటికి ఆనినవి అవి.

ఇప్పుడు మన గడ్డమీదికి వద్దాం. ఒంగోలు సంగతి తెలుగు క్రైస్తవుల్లో చాలామందికి ఒక అంకె రూపంలో మాత్రమే తెలుసు: 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం. మహాసభల్లో ఈ అంకె చెప్పగానే చప్పట్లు మోగుతాయి. ఆ అంకెకు ముందు ఏడాదికి పైగా జరిగినదాన్ని ఎవరూ చెప్పరు. నాకు మాత్రం అసలు కథ అదే.

1876లో వానలు ఎగ్గొట్టాయి. 1878 వరకు మద్రాసు రాజధాని అంతా కరువులో మాడిపోయింది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అప్పటికి పదేళ్లుగా పనిచేస్తున్నాడు. మిషనరీ కాకముందు అమెరికాలో సర్వేయరుగా చేసినవాడు కాబట్టి గొలుసు పట్టి నేల కొలవడం తెలుసు. కరువు పనికింద ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువను తవ్విస్తుంటే, అందులో మూడు మైళ్లకు పైచిలుకు కాంట్రాక్టు తనే తీసుకున్నాడు. వేలమందికి తట్టా పారా ఇచ్చి, కూలి ముట్టజెప్పాడు. సంఘంలోని బోధకులే మేస్త్రీలు. వాళ్లు పగలంతా జనంతోపాటు మట్టిలో ఉండి, విరామంలో వాళ్ల పక్కనే కూర్చుని మాట్లాడేవాళ్లు.

ఆ జనంలో వందలమంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. క్లౌ ఇవ్వలేదు. ఈ రోజుల్లో ఏ సంఘమైనా ఎగిరి గంతేసే అవకాశం అది. కరువు నడిచినంత కాలం, తన చేతిలో కూలి డబ్బూ సహాయ నిధీ ఉన్నంత కాలం, ఆ తలుపు మూసే ఉంచాడు. అన్నం కోసం వచ్చినవాడెవరో, దేవుని కోసం వచ్చినవాడెవరో ఆకలిలో వచ్చినవాడికే తెలియదని అతని భయం. ఆ భయం సరైనదని నా అభిప్రాయం. సహాయ నిధి పని ముగిశాక, ఇక నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు, ఇళ్లకు వెళ్లండి అని జనంతో చెప్పాడు. వాళ్లు వెళ్లలేదు. జులైలో నది దగ్గర జరిగింది ఆ తర్వాతి సంగతి. ఆ ఏడాది ముగిసేసరికి బాప్తిస్మం పొందినవాళ్లు తొమ్మిది వేలు దాటారు.

ఆ కొత్త విశ్వాసుల్లో ఎక్కువమంది మాదిగలు. వాళ్లకు క్లౌ పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పనికి పోకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఈ మూడింట్లో ఏదీ చర్చి లోపల పాటించేది కాదు. ఆదివారం పొలానికి రాకపోతే మోతుబరికి తెలుస్తుంది. జాతరలో డప్పు వినబడకపోతే కరణానికి తెలుస్తుంది. గొడ్డు చచ్చిందని కబురంపితే ఎవరు రాలేదో ఊరంతటికీ తెలుస్తుంది. అందుకు వాళ్లు దెబ్బలు తిన్నారు, పనులు పోగొట్టుకున్నారు. మన తాతముత్తాతల విశ్వాసం మొదటిరోజు నుంచీ ఊరి కళ్లముందు నడిచింది. దాన్ని నాలుగు గోడల మధ్యకు తెచ్చి కూర్చోబెట్టింది మనమే.

ఊరి కళ్లు మనల్ని చూసే మొదటి జాగా డబ్బు. నన్నడిగితే సగం సంగతి ఇక్కడే తేలిపోతుంది.

మా వీధి చివర పచారీ కొట్టు ఉంది. దాన్ని నడిపేది అయ్యప్ప మాల వేసుకునే మనిషి. క్రైస్తవుల గురించి ఆయనకు స్థిరమైన అభిప్రాయాలున్నాయి, అవన్నీ పద్దు పుస్తకంలోంచి వచ్చినవే. ఒకరోజు నేను పప్పు తూయించుకుంటుంటే ఒక పెద్దావిడ వచ్చి వెళ్లింది. తెల్లచీర, చేతిలో రెగ్జిన్ సంచి, అందులో పాటల పుస్తకం. ఆమె వెళ్లాక అడగకుండానే చెప్పాడు.

‘మీ చర్చే కదండీ ఆవిడ?’

‘అవునండి.’

‘ఒకటో తారీఖు పొద్దున్నే, నేను షట్టరు ఎత్తేసరికి నిలబడి ఉంటుందండి. పోయిన నెల నూనె ప్యాకెట్టు రాసుకోడం నేనే మర్చిపోయా. నూటయాభై తక్కువ పడింది, సరిగ్గా చూడు బాబూ అని పుస్తకం మళ్లీ తీయించింది.’

తర్వాత గొంతు తగ్గించి, ఇంకో పేజీ తిప్పి చూపించాడు. ఆ పేరు కూడా మా చర్చిదే. వేదిక మీద ముందు కుర్చీలో కూర్చునే పేరు. పేజీ నిండా అంకెలే, ఒక్క కొట్టివేతా లేదు. ‘అడిగితే ప్రభువు చూసుకుంటాడంటారండి. ప్రభువు మా హోల్‌సేలరుకి కట్టడు కదా’ అన్నాడు. ఎగతాళిగా అన్నట్టు నాకు అనిపించలేదు, నిజంగానే అతనికి సరుకు తెచ్చుకోవడానికి డబ్బు తిరగడం లేదు.

ఆ పెద్దావిడ ఏ స్వస్థత కూటంలోనూ మాట్లాడగా నేను వినలేదు. అయినా ఆ కొట్టులో క్రీస్తు పేరు ఇంకా గౌరవంగా వినబడుతున్నదంటే అది ఆమె చలవే.

కూలి సంగతి ఇంతకన్నా కఠినం. కూలివాడి జీతాన్ని తెల్లవారేదాకా దగ్గర ఉంచుకోకూడదని ధర్మశాస్త్రమే చెప్పింది. పొలం కోసినవాళ్లకు బిగబట్టిన కూలి దేవుని చెవికెక్కేలా మొరపెడుతుందని యాకోబు తన పత్రికలో హెచ్చరించాడు. మనవాళ్లలో ఇల్లు కట్టుకున్నవాళ్లను చూడండి. గృహప్రవేశానికి అయ్యగారిని పిలుస్తారు, నాలుగొందలమందికి బిర్యానీ పెడతారు. టైల్స్ వేసినవాడికి మాత్రం ఇంకా పదిహేను వేలు బాకీ. అతను సాయంత్రం పూట గేటు దగ్గరికొస్తే పిల్లాడు బయటికొచ్చి ‘నాన్నగారు ప్రేయర్‌లో ఉన్నారు’ అంటాడు. ఆ మేస్త్రీకి క్రైస్తవ ప్రార్థన గురించి తెలిసింది ఆ ఒక్క వాక్యమే. తర్వాత ఎన్ని కరపత్రాలు పంచినా అది చెరగదు.

కాబట్టి మొదటి పని. ఒక తెల్లకాగితం మీద మీ నుంచి డబ్బు రావాల్సినవాళ్ల పేర్లన్నీ రాయండి. బ్యాంకు లోను వద్దు, దాన్ని వాళ్లే వసూలు చేసుకుంటారు. పనిమనిషి, పాలవాడు, చీటీపాట నడిపే ఆవిడ, ట్యూషన్ మాస్టారు, చేబదులిచ్చిన బావమరిది, అడ్వాన్సు వెనక్కివ్వాల్సిన పాత అద్దెదారు – గట్టిగా అడగలేనివాళ్లవే రాయండి. వాళ్లలో అందరికన్నా బలహీనుల పేరు పైన పెట్టి అక్కణ్నుంచి తీర్చుకుంటూ రండి. ఒకేసారి ఇవ్వలేకపోతే అడగకముందే మీరే వెళ్లి, ఎప్పటికి ఎంత ఇస్తారో చెప్పండి. వాయిదా అడగడం చెడ్డపేరు తీసుకురాదు. ఫోన్ ఎత్తకపోవడం తెస్తుంది.

దశమభాగం ముందా, బాకీ ముందా? ఈ ప్రశ్న వేదికల మీద ఎవరికీ ఇష్టముండదు. బలిపీఠం దగ్గరికి కానుక తెచ్చినవాడికి, తన సహోదరుడికి తనమీద ఏదైనా ఉందని గుర్తొస్తే, కానుకను అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమని యేసు చెప్పాడు. జక్కయ్య ఉదంతంలోనూ ఆయన అతని ఇంటికి వచ్చినరోజే అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగివ్వడం గురించిన మాట వచ్చింది. పాటల పుస్తకం గురించి రాలేదు. టైల్స్ మేస్త్రీ పదిహేను వేలు కానుక పెట్టెలో పడితే అది మీ కానుక కాదు, అతనిది.

ఇవ్వడం గురించి మన పెద్దలకు తెలిసినంత మనకు తెలియదేమో. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు. ఆయనది తిరునెల్వేలి ప్రాంతం, ఆయన సంఘమంతా తెలుగు పల్లెల్లోని నిరుపేదలు. బయటి డబ్బుమీద బతికే సంఘం సంఘం కాదని ఆయన పట్టుదల. ఇప్పటికీ మన పల్లె సంఘాల్లో ఆ తరహా అలవాటొకటి ఉంది: అన్నం వండేటప్పుడల్లా పిడికెడు బియ్యం తీసి విడిగా కుండలో వేసి ఆదివారం తెచ్చి ఇస్తారు. ఆ పిడికెడుకు ఫ్లెక్సీ వేయరు. పట్నం సంఘాల్లో కోత పండుగనాడు ఒక గుమ్మడికాయకు ఇద్దరు పెద్దమనుషులు పోటీపడి ఐదువేలదాకా పాట పెంచుతారు, మైకులో పేర్లు మోగుతాయి. సరదాకి జరిగితే జరగనివ్వండి. ఆ గుమ్మడికాయ తెచ్చిన రైతు కూలీ ఆ హాల్లోనే వెనక బెంచీలో కూర్చుని ఉంటాడని మాత్రం మరవకండి.

ఉద్యోగంలో లంచం సంగతి ఇంత వివరించనక్కర్లేదు. టేబుల్ కింద తీసుకున్నది కృతజ్ఞతార్పణగా టేబుల్ పైన పెట్టినా అది లంచమే, ఆఫీసులో ప్యూను దగ్గర్నుంచి అందరికీ తెలుసు.

ఇక చప్పుడు. ఈ మాట రాస్తే కొందరికి కోపమొస్తుందని తెలుసు. మిగతా మతాలవాళ్లు మైకులు పెట్టడంలేదా అంటారు. పెడుతున్నారు. వాళ్ల గురించి వాళ్ల పుస్తకాల్లో రాసుకుంటారు.

2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండుగల వంటి సందర్భాల్లో ప్రభుత్వం పరిమితంగా సడలింపు ఇవ్వొచ్చు. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. అదే ఏడాది ఆగస్టు 30న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు మన సంఘాలన్నీ చదవాల్సినది. ఆ కేసులో సుప్రీంకోర్టుకు అప్పీలుకెళ్లింది చెన్నైలోని ఒక క్రైస్తవ సంఘమే. ఆ సంఘం మీద మొదట ఫిర్యాదు చేసింది కాలనీ నివాసులు. మత స్వాతంత్ర్యం ఉంది కదా అన్న వాదనకు కోర్టు జవాబు సూటిగా ఉంది: ఇతరుల ప్రశాంతత చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని. ఆ మాట మనం కోర్టుకు చెప్పి ఉండాల్సింది, కోర్టు మనకు చెప్పింది.

మన శ్రమల దినాలు చాలా ఏళ్లు మార్చిలో పడతాయి. పదో తరగతి, ఇంటర్ పరీక్షలూ అప్పుడే. గుడ్ ఫ్రైడే ముందు నలభై రోజులూ సాయంత్రం కూడికలు, వీధిలోకి తిప్పిన బాక్సులు. నాలుగో ఇంట్లో పిల్ల చెవుల్లో దూది పెట్టుకుని రసాయనశాస్త్రం చదువుతుంటుంది. ఆమెకు యేసు శ్రమల గురించి మనం ఏం నేర్పుతున్నట్టు? రెండొందలమంది పట్టే హాల్లో, రెండొందలమందికి వినబడితే చాలు. ఒక శనివారం మీ సౌండ్ సిస్టం పెట్టించి, మీరు బయటికొచ్చి నాలుగో ఇంటి గుమ్మం దగ్గర నిలబడి వినండి. అయ్యగారిని కూడా తీసుకెళ్లండి, ఆయనకు తెలియకపోవచ్చు. బయటి బాక్సులు తీసేసిన సంఘాలకు జనం తగ్గినట్టు నేనెక్కడా వినలేదు. క్రిస్మస్‌కు ముందు రాత్రి క్యారల్స్‌కి తిరిగేవాళ్లు పదిలోపు ముగించుకుని, చంటిపిల్లలూ ముసలివాళ్లూ ఉన్న ఇళ్లముందు డ్రమ్ము ఆపితే, మరుసటేడు వాళ్లే గేటు తీసి నిలబడతారు.

పక్కింటి ప్రసాదం దగ్గర మనవాళ్లు పడే తికమక అంతా ఇంతా కాదు. దీనిమీద కొరింథు సంఘం తన్నుకుంటే పౌలు ఓపిగ్గా రాశాడు. అంగట్లో అమ్మేది, భోజనానికి పిలిచినవాళ్లు వడ్డించేది, ఆరాలు తీయకుండా తినొచ్చు. ఇది విగ్రహానికి పెట్టింది అని ఎవరైనా చెబితే ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం మానుకోమన్నాడు. ఈ వాక్యాలమీద నిలబడి కొందరు తీసుకుంటారు, కొందరు తీసుకోరు. మీ మనస్సాక్షి ఏదంటే అది చేయండి. తీసుకోకూడదనుకుంటే తలుపు సగం తెరిచి ‘మేం తినమండి’ అని మూసేయకండి. లోపలికి రమ్మనండి, కూర్చోబెట్టండి, మంచినీళ్లివ్వండి. ‘వదినగారూ, మా పద్ధతిలో మేం ప్రసాదం తీసుకోమండి, మీరు ప్రేమతో తెచ్చారు, మరోలా అనుకోవద్దు. పండక్కి చేసిన పులిహోర వేరే ఉంటే పెట్టండి, తింటాం’ అనండి. తొంభై శాతం ఆడవాళ్లు నవ్వి పులిహోర తెస్తారు. తీసుకుని వాళ్లు కనుమరుగయ్యాక చెత్తబుట్టలో వేయడం మాత్రం వద్దు. పనిమనిషి చూస్తుంది, ఆ పనిమనిషే వాళ్లింట్లోనూ చేస్తుంది.

మనం క్రిస్మస్ కేకు పంపినప్పుడు వాళ్లు ఏ తికమకా లేకుండా తీసుకుంటున్నారు, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. వాళ్ల దేవుళ్లను వేదికల మీద వెక్కిరించే ప్రసంగీకుడి వీడియో మీ ఫోన్‌కొస్తే ఇంకొకరికి పంపకండి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. పక్కింటివాళ్లను ఇంట్లో ‘అన్యులు’ అని పిలుచుకోవడం కూడా మానండి, పిల్లలు బయటికెళ్లి అదే మాట అనేస్తారు.

ఆసుపత్రి మంచం దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. పక్క మంచం మీద ఉన్నవాళ్లకు ప్రార్థన చేయాలనిపిస్తే ‘చేయమంటారా?’ అని అడగండి. వద్దంటే ఫ్లాస్కులో కాఫీ పోసివ్వండి. ఆపరేషన్‌కు వెళ్లబోతున్న మనిషి దేనికైనా తలూపుతాడు, ఆ తల ఊపుకు విలువ లేదు. క్లౌ కాలువ గట్టుమీద ఎందుకు ఆగాడో ఇక్కడ గుర్తుచేసుకోండి. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే మెథడిస్టు డాక్టరు 1915 ప్రాంతంలో కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి పెట్టినప్పుడు, దానికి పెద్ద విరాళం ఇచ్చినది నర్సాగౌడ్ అనే హిందూ దాత. ఊరంతా దూరం పెట్టిన మనుషుల పుండ్లు కడుగుతున్న డాక్టరమ్మను చూసి ఇచ్చిన విరాళమది.

ఇంతవరకూ చదివి తలూపినవాళ్లు కూడా కులం దగ్గరికి వచ్చేసరికి పేజీ తిప్పేస్తారు. మన సాక్ష్యానికి పట్టిన పెద్ద తెగులు ఇదే, దాచినా దాగదు. పెళ్లిసంబంధాల పేజీలో ‘క్రిస్టియన్’ పక్కన గీత గీసి కులం పేరు వేస్తాం. సంఘ ఎన్నికల్లో ఎవరెవరు ఎటు ఓటేస్తారో పాస్టరు కళ్లుమూసుకుని చెప్పగలడు. కొన్ని ఊళ్లలో సమాధుల తోటలు కూడా వేరు, మధ్యలో గోడ. శవాన్ని శ్రద్ధగా పూడ్చేవాళ్లని శత్రువైన జూలియన్ మనకు ఇచ్చిన పేరు, ఆ గోడ దగ్గరికొచ్చేసరికి పోతుంది.

వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా బతుకు చూడండి. పై కులాలు ఆయన్ని పుట్టుకను బట్టి అవమానించాయి. హిందూ కథలతో కావ్యాలు అల్లుతున్నాడని క్రైస్తవులు దూరం పెట్టారు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఈరోజు ఆయన బొమ్మ పెట్టుకుని గర్వపడని తెలుగు సంఘం లేదు. ఆయన బతికుండగా ఆయన పక్కన కూర్చున్నవాళ్లెందరు? ఇప్పుడు మన సంఘంలో ఇద్దరు పిల్లలు కులాలు దాటి పెళ్లి చేసుకుంటామంటే, సంఘపెద్దలు వాళ్ల పక్కన నిలబడతారా, లేక ‘పెద్దలను ఒప్పించుకుని రండి’ అని తప్పుకుంటారా? దీన్ని ఊరంతా గమనిస్తుంది. ముఖ్యంగా కులం వల్ల దెబ్బతిని, చర్చి గేటు వరకూ వచ్చి లోపలికి తొంగిచూస్తున్నవాళ్లు గమనిస్తారు.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా పోతుంది. మన రెండు రాష్ట్రాల్లో బీసీ–సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్ దక్కుతుంది. దాంతో చాలా ఇళ్లలో సర్టిఫికెట్‌లో ఒక మతం, ఆదివారం ఇంకొకటి. దీన్ని వేలెత్తి చూపే బయటివాళ్లకు నేను చెప్పేది వేరే ఉంది: అంటరానితనం మతం మారితే పోలేదు, ఉత్తర్వు మాత్రం పోయినట్టే లెక్కేసింది. లోపలివాళ్లకు చెప్పేది ఒక్కటే. ఈ ఇరుకులో ఉన్న పిల్లలమీద, అలాంటి ఇరుకు ఎప్పుడూ ఎరగని కులాల క్రైస్తవులు తీర్పు చెప్పకండి. చేతనైతే ఆ పిల్లల ఫీజు కట్టండి.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అనే సామెత మనవాళ్లను చూసి పుట్టిందేమో అనిపించే సందర్భాలున్నాయి. బయట ‘వందనాలమ్మా’ అని రెండు చేతులూ జోడించే మనిషి ఇంటికొచ్చి కంచం విసిరితే, గోడలు పలచనైన ఈ అపార్ట్‌మెంట్లలో పై అంతస్తువాళ్లకు వినబడుతుంది. మీ గురించి తెలుసుకోవాలంటే మీ భార్యను అడగక్కర్లేదు, ఆమె మీ పరువు కాపాడుతుంది. మీ పదేళ్ల పిల్లాణ్ని అడగాలి.

సంఘంలో ఎవరైనా పెద్దమనిషి తప్పుచేసి బయటపడితే ‘సాక్ష్యం పోతుంది, కప్పేయండి’ అని వినబడుతుంది. డబ్బు తప్పైతే లెక్కలు బయటపెట్టండి. ఆడపిల్లకు జరిగిన అన్యాయమైతే ఆ పిల్ల పక్కన నిలబడి పోలీసు స్టేషన్‌దాకా వెళ్లండి. తప్పు జరిగిన సంఘాన్ని ఊరు క్షమించగలదు. ఆ పిల్లను నోరుమూసుకోమన్న సంఘాన్ని ఎందుకు క్షమించాలి?

ఇవన్నీ ఓపిగ్గా చేస్తూ పోతే ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు అడుగుతారు, ‘మీరెందుకండీ ఇలా?’ అని. అప్పుడు మృదువుగా, గౌరవంగా జవాబిమ్మని పేతురు రాశాడు. జవాబు రెండు మూడు వాక్యాల్లో ఉంచండి: ‘నేను యేసును నమ్ముకున్నానండి. ఆయన ఇలా చేయమన్నాడు. అన్నిసార్లూ చేయలేను గాని ప్రయత్నిస్తున్నాను.’ అంతటితో ఆపేసి, వాళ్ల ఇంట్లో విషయాలు అడగండి. ఇంకా తెలుసుకోవాలంటే వాళ్లే మళ్లీ వస్తారు. ముప్పావు గంట ప్రసంగం మొదలెడితే మరోసారి ఎవరూ అడగరు.

ఇందాక రాసిన కాగితం ఏమైంది? దాంట్లో మొదటి పేరు కొట్టేశాకే తర్వాతి అధ్యాయం తెరవండి. బ్యాంకుకి వెళ్లే పని కూడా లేదు, ఫోన్‌పేలో ఆ మేస్త్రీ నంబరు ఉండే ఉంటుంది. లేకపోతే ఆయన నుంచి వచ్చిన మిస్డ్ కాల్స్‌లో దొరుకుతుంది.